ముత్తమ్మతో పోటీకి దిగిన పెట్టె

నాకు ఏ ఏడాది ఏ ప్రమోషన్ వచ్చిందో ఇందులో రాయను. వచ్చినవే రెండు. ఆ రెండుసార్లూ స్వీట్లు కొని పంచింది నేనే, తిన్నవాళ్ళు కూడా నన్ను గుర్తుపెట్టుకోలేదు. ఏ ఫైలు ఎక్కడ ఆగిందో అది కూడా రాయను. అవి చదివితే మీరు ఈ ఉద్యోగంలో చేరరు.

బస్తర్‌లో ఇనుప ఖనిజం తవ్వే కంపెనీలో ముప్పై మూడేళ్ళు స్పీకర్లు బిగించాను. నా పేరు అప్పలనాయుడు. విజయనగరం దగ్గరి మనిషిని. ఇక్కడ హిందీవాళ్ళు నాయుడూజీ అన్నారు, తెలుగువాళ్ళు సౌండు నాయుడన్నారు. కిరందూల్‌లోనూ పనిచేశాను, బచేలీలోనూ పనిచేశాను. ఇప్పుడు చెప్పబోయేది వీటిలో ఏ ఊరి ఆసుపత్రిలో జరిగిందో మాత్రం అడక్కండి, పెన్షన్ తీసుకునేవాణ్ణి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇంటికొచ్చి, ఏం చదవమంటారు సార్ అని అడుగుతుంటారు. చదవాల్సినవన్నీ పెట్టెతోపాటు వచ్చే పుస్తకంలోనే ఉంటాయి, చదవండి. నేను కూడా చదివాను. చదివాకే ఈ పొరపాట్లన్నీ చేశాను.

అసలు పని ఏమిటంటే

మా ఆవిడ పార్వతి మిక్సీ వేస్తే నాకు టీవీ వినపడదు. రిమోట్ నొక్కి సౌండు పెంచుతాను. మిక్సీ ఆగుతుంది. వార్తలు చదివే అమ్మాయి ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. పార్వతి వంటింట్లోంచి నన్ను తిడుతుంది. నేను తగ్గిస్తాను. ఇంతలో మళ్ళీ మిక్సీ మొదలు. ఈ తతంగమంతా, పార్వతి తిట్లు మినహాయించి, ఒక పెట్టె తనంతట తాను చేస్తే దాన్ని ఆటోమేటిక్ వాల్యూమ్ అంటారు.

పెట్టెకి ఒక చెవి ఉంటుంది. అంటే హాలు పైకప్పుకి బిగించే చిన్న మైకు. అది మన మాటల్ని స్పీకర్లోకి పంపదు, హాల్లో రొద ఎంతుందో విని పెట్టెకి చెబుతుంది, అంతే. రొద పెరిగితే పెట్టె స్పీకర్ల గొంతు పెంచుతుంది, తగ్గితే దించుతుంది. మనం కుదర్చాల్సినవి మూడు: ఎంత రొద దాకా పట్టించుకోకూడదు, ఎంత దాకా పెంచొచ్చు, ఎంత తొందరగా పెంచాలి. మూడు మరలు తిప్పితే అయిపోయే పని అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తానని పార్వతికి చెప్పి వెళ్ళాను. మూడు వారాలు పట్టింది.

దూబే సాబ్ పోహా

మా సెక్షన్‌కి పెద్ద దూబే సాబ్. మంచివాడే. ఎవరి మీదా కక్ష పెట్టుకోడు. కాకపోతే ఆటోమేటిక్ అన్న మాట చెవినపడితే చాలు, ఆ మనిషి మొహం వెలిగిపోయేది. చేతులు కడుక్కునే చోట ఆటోమేటిక్ కుళాయి పెట్టించాడు. అది ఎవరూ లేనప్పుడు పారేది, చెయ్యి పెడితే ఆగేది. అయినా మురిసిపోయి చూసేవాడు.

మొదటి ఆటోమేటిక్ వాల్యూమ్ పెట్టె గని దగ్గరి కాంటీన్‌లో బిగించాం. నేను ఆదివారం, ఎవరూ లేనప్పుడు వెళ్ళి చెవి బిగించాను. వైరు కలిసొస్తుందని స్పీకరు పక్కనే బిగించాను. ఇంకా ఏ బుర్ర తక్కువ పని చేయొచ్చో ఆలోచించండి, అది కూడా చేసే ఉంటాను. ఖాళీ హాల్లో చప్పుడు గోడలకి తగిలి తిరిగొస్తుంటుంది, జనం కూర్చుంటే ఆ చప్పుడంతా వాళ్ళ ఒంట్లోకే ఇంకిపోతుంది. ఖాళీ హాల్లో కుదిర్చిన లెక్క నిండు హాలుకి పనికిరాదు. ఇది ఒక తప్పు.

రెండోది ఇంకా పెద్దది. సోమవారం పొద్దున భజనపాట పెట్టారు. పెట్టె చెవికి ముందుగా వినపడింది పక్కనున్న స్పీకరే. ఎవరో తెగ రొద చేస్తున్నారనుకుని గొంతు పెంచింది. పెంచాక రొద ఇంకా పెరిగినట్టు వినపడింది. ఇంకా పెంచింది. దేవుడి పాట కాస్తా దేవుణ్ణి బెదిరిస్తున్నట్టు తయారైంది. దూబే సాబ్ చేతిలోని పోహా, మన అటుకుల ఉప్మాలెండి, పళ్ళెంతో సహా జారి చొక్కా మీద పడింది. ఆయన వేరుసెనగ పలుకులు దులుపుకుంటూ నా చెవిలో నోరుపెట్టి, ఇది ఆటోమేటిగ్గానే పెరిగింది కదా అని అడిగాడు. అవునన్నాను. శభాష్ అన్నాడు.

ఈ పొరపాటు మన పనిలో అందరూ చేస్తారు, చేసి గొప్పగా చెప్పుకోకండి. దానికి మందు ఉంది. చెవిని నోటికి దూరంగా పెట్టాలి. పెట్టె తను మాట్లాడుతున్నంతసేపూ వినకుండా, మాటకీ మాటకీ మధ్య ఖాళీలో మాత్రమే వినేలా కుదర్చాలి. అలా కుదిర్చాక కాంటీన్ పెట్టె బుద్ధిగా పనిచేసింది. నాకు గర్వం తలకెక్కింది. ఆసుపత్రి హాలు నాకొక లెక్కా అనుకున్నాను.

హాలు, హాల్లో ముత్తమ్మ

టౌన్‌షిప్ ఆసుపత్రికి కంపెనీవాళ్ళే కాదు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ వస్తారు. గురువారం సంత రోజు. సంతకొచ్చినవాళ్ళు ఆ పూటే డాక్టరుకి చూపించుకుని పోదామనుకుంటారు. తోంగ్‌పాల్ నుంచి ఒకళ్ళు, చింతలనార్ అవతలి నుంచి ఒకళ్ళు, ఒక్కొక్క రోగి వెంట అయిదుగురు. చీటీ కౌంటర్ దగ్గర నంబరు ముద్రించిన కాగితం ఇస్తారు. ఆ కాగితాన్ని ఒకడు తలపాగాలో దోపుతాడు, ఒకామె నడుముకి కట్టుకుంటుంది. పిలిచినప్పుడు లేవకపోతే వరసలో ఆఖరికి పోతారు. ఆఖరికి పోతే మధ్యాహ్నం బస్సు పోతుంది.

ఆ హాల్లో కొత్తగా కంప్యూటర్ పిలుపు పెట్టారు. టింగ్ టాంగ్ అని గంట, తరవాత ఒక అమ్మాయి గొంతు శుద్ధమైన హిందీలో, టోకెన్ నంబర్ సైంతీస్, కమ్రా నంబర్ చార్, అంటే ముప్పై ఏడో చీటీ, నాలుగో గది. ఇలా మూడుసార్లు చెబుతుంది. గొంతు సమంగా వినపడాలని మన ఆటోమేటిక్ పెట్టె. హెడ్డాఫీసు నుంచి పెద్దసాబ్ ఒకాయన దీన్ని చూడ్డానికి రాబోతున్నాడని దూబే సాబ్ నెలరోజుల ముందు నుంచే చెబుతూ వచ్చాడు.

ముత్తమ్మ ఆ హాల్లో ఆయా. కాంట్రాక్టు మనిషి. నేల తుడవడం ఆమె పని. తర్రెం పక్క పల్లె నుంచి వచ్చింది. ఇంట్లో దోర్లీ, సంతలో గోండీ, పొరుగున హల్బీ, ఆఫీసులో హిందీ, మా ఆడవాళ్ళతో తెలుగు. అయిదు భాషల్లోనూ ఒకే గొంతు. పొలంలో నిలబడి వాగు అవతల ఉన్న మనిషిని అన్నానికి పిలవడానికి పనికొచ్చే గొంతు అది. ఆసుపత్రిలో నిశ్శబ్దం పాటించండి అని రాసిన బోర్డు కిందే నిలబడి మాట్లాడేది. ఆమెకి చదువు రాదు కాబట్టి ఆ బోర్డుతో ఇబ్బందేమీ లేదు.

పోటీ

మొదటి రోజు నేను గోడకి చేరబడి చూస్తున్నాను. టింగ్ టాంగ్. టోకెన్ నంబర్ బారహ్, కమ్రా నంబర్ దో. చక్కగా, తగుమాత్రంగా పలికింది. నేను లోలోపల భుజం తట్టుకున్నాను.

వెంటనే ముత్తమ్మ తుడుపుకర్ర ఆపి ఎడమ వైపు బెంచీలకి గోండీలో ఏదో చెప్పింది. కుడి వైపు తిరిగి హల్బీలో చెప్పింది. వరండాలోకి తలపెట్టి దోర్లీలో చెప్పింది. ఇదంతా ఎప్పుడు చెప్పింది? మొదటి పిలుపుకీ రెండో పిలుపుకీ మధ్య ఖాళీలో. మర్యాద తెలిసిన మనిషి కదా, ఒకరు మాట్లాడుతుంటే అడ్డురాదు. నా పెట్టె కూడా మర్యాద తెలిసినదే, నేనే నేర్పాను. తను మాట్లాడేటప్పుడు వినదు, ఖాళీలోనే వింటుంది. ఆ ఖాళీలో దానికి వినపడిందల్లా ముత్తమ్మ.

అబ్బో, హాల్లో చాలా రొదగా ఉందే అనుకుని పెట్టె రెండో పిలుపు గట్టిగా పిలిచింది. తన మాట జనానికి అందలేదేమోనని ముత్తమ్మ ఇంకాస్త గట్టిగా చెప్పింది. మూడో పిలుపుకి కిటికీ అద్దాలు వణికాయి. ముత్తమ్మ తుడుపుకర్రని గోడకి ఆనించి, కొంగు నడుముకి దోపి, ఊపిరి పీల్చుకుని చెప్పింది. లోపల్నుంచి కళ్ళ డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి ఎవరు పోయారని అడిగింది.

పదమూడో నంబరు దగ్గర నుంచి హాలంతా ఇదే వేడుక. జ్వరమొచ్చినవాళ్ళు జ్వరం మరిచిపోయారు. నడుం పట్టేసిన ఒకాయన బాగా కనపడాలని బెంచీ ఎక్కి నిలబడ్డాడు. పెట్టె ఎంత దాకా పెంచొచ్చో నేను ఒక హద్దు పెట్టాను. ముత్తమ్మకి ఎవరూ పెట్టలేదు. అందుకని ఆమే గెలిచింది.

నాకు తిక్క రేగింది. మర్నాడు పెట్టె తొందరపడకుండా నిదానంగా పెంచేలా కుదిర్చాను. అప్పుడేమైందంటే, ముత్తమ్మ చెప్పడం అయిపోయి, జనం లేచి వెళ్ళిపోయి, హాలు సద్దుమణిగాక, ఆ నిశ్శబ్దంలో పెట్టె తీరిగ్గా గర్జించింది. ఒక పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని పెట్టె ఇంకా పెంచింది. ఆ మర్నాడు చెవిని తీసి ముత్తమ్మకి దూరంగా మందుల కిటికీ వైపు బిగించాను. ముత్తమ్మ నేల తుడిచే మనిషని మరిచిపోయాను. తుడుచుకుంటూ తుడుచుకుంటూ సరిగ్గా చెవి కిందికే వచ్చింది. నాలుగు చోట్లకి మార్చాను. నాలుగు చోట్లా ఆమె నేల తుడిచింది.

చివరికి తల పైకెత్తి నన్ను అడిగింది, "ఏంది సారు, నీ డబ్బా నాతోని కొట్లాట పెట్టుకుంటది?"

నేను నిచ్చెన మీంచి, అది నీతో కొట్లాడటం లేదు ముత్తమ్మా, రొదతో కొట్లాడుతోంది అన్నాను. ఆమె కాసేపు నా వైపు చూసి, తుడుపుకర్ర తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు, చేతిలో స్క్రూ జారిపోయింది.

నేను నోరు మెదపలేదు

ఇక్కడ నవ్వు కాస్త ఆపి ఒక మాట ఒప్పుకోవాలి.

పెద్దసాబ్ గురువారం వస్తాడనగా బుధవారం సాయంత్రం పెట్టెలోని గీతలు తీసి చూశాను. రొద ఎప్పుడు ఎంత పెరిగిందో పెట్టె గీసి దాచుకుంటుంది. ఆ గీత ప్రతి పిలుపు తరవాతా కొండలా లేచింది, తరవాత పడిపోయింది. పడిపోయిన ప్రతిసారీ హాల్లో ఎవరో ఒకరు లేచి నడిచి వెళ్ళడం ఇన్నాళ్ళూ నా కళ్ళతో చూశాను. అంటే మా కంప్యూటర్ అమ్మాయి హిందీలో పిలిస్తే ఎవరూ లేవడంలేదు. ముత్తమ్మ పిలిస్తే లేస్తున్నారు.

అనుమానం తీర్చుకోవడానికి వెళ్ళి ముత్తమ్మనే అడిగాను, ఖాళీలో ఏం చెబుతున్నావని. పొద్దున నేల తుడిచేటప్పుడే అందరి చీటీలూ చూస్తుందట. అక్షరాలు రావు కానీ అంకెలు వచ్చు. ఏ ఊరు, ఏం నొప్పి అని అడిగి మనసులో పెట్టుకుంటుంది. కంప్యూటర్ సైంతీస్ అంటే ఈమె సైంతీస్ అనదు. "చింతలనార్ తాతా, నడుం నొప్పి, నీ వంతు, ఆకుపచ్చ తలుపు, చెప్పులు బయట ఇడవకు ఎవడన్న ఎత్తుకపోతడు" అంటుంది. ఇదీ ఆ రొద.

అదే సాయంత్రం దూబే సాబ్ వచ్చాడు. పెట్టె అదుపులోకి రాకపోవడానికి కారణమేమిటని అడిగాడు. నేను నిజం చెప్పొచ్చు. హాల్లో పనిచేస్తున్న యంత్రం ఆమే, మనది కాదు అని చెప్పొచ్చు. కానీ నాకు పెద్దసాబ్ ముందు పెట్టె నెగ్గాలని ఉంది. ఒక ఆయా గట్టిగా మాట్లాడుతుంది సార్ అన్నాను. అంతే అన్నాను. దూబే సాబ్ సంతోషంగా, ఓస్ ఇంతేనా, రేపటి నుంచి ఆమెని లాండ్రీకి పంపిద్దాం, పిలవడానికి ఆటోమేటిక్ ఉండగా హాల్లో ఆయా దేనికి అన్నాడు. రేపటికి మాత్రమే కాదు, ఇక ఎప్పటికీ అని ఆయన ఉద్దేశం. నాకు తెలుసు. తెలిసి నోరు మెదపలేదు.

ముప్పై మూడేళ్ళు మనుషుల గొంతు మనుషులకి వినపడేలా చేయడానికి జీతం తీసుకున్నాను. ఆ ఒక్క సాయంత్రం నా గొంతు వినపడాల్సి వచ్చినప్పుడు సున్నా దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

గురువారం

హాలు నిండిపోయింది. పెద్దసాబ్ వచ్చాడు, పొట్టిగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. దూబే సాబ్ ఇస్త్రీ చొక్కాలో, చేతిలో ఏ పళ్ళెమూ లేకుండా నిలబడ్డాడు. ముత్తమ్మ లేదు.

టింగ్ టాంగ్. టోకెన్ నంబర్ ఏక్, కమ్రా నంబర్ దో.

నా ఉద్యోగంలో అంత చక్కటి సౌండు అంతకుముందూ వినలేదు, ఆ తరవాతా వినలేదు. ఆఖరి బెంచీలో చెవి దగ్గర చెప్పినట్టు ఉంది. ముందు బెంచీలో మెత్తగా ఉంది. గంట మోగగానే హాలంతా గప్‌చుప్. అందరూ శ్రద్ధగా విన్నారు. మూడుసార్లూ విన్నారు. ఒక్కరూ లేవలేదు.

నంబర్ దో. విన్నారు. లేవలేదు. నంబర్ తీన్. ఒక ముసలాయన గొంతు బాగుందన్నట్టు తలూపాడు. తలుపులు తెరుచుకుని డాక్టర్లు బయటికి తొంగిచూశారు. వీళ్ళందరికీ చెవుడా అని పెద్దసాబ్ మెల్లగా అడిగాడు.

దూబే సాబ్‌కి చెమటలు పట్టాయి. సౌండు పెంచు నాయుడూజీ అన్నాడు. రొద లేదు కదా సార్, ఆటోమేటిక్, రొద లేకపోతే అది పెంచదు అన్నాను. అయితే ఏం చేయాలన్నాడు. నాకూ తెలియదు.

అప్పుడు దూబే సాబ్ తానే రంగంలోకి దిగాడు. నంబర్ చార్ అని పెట్టె చెప్పి ఆగగానే, ఉఠియే, నంబర్ చార్ ఉఠియే అని హాలు మధ్యలో నిలబడి అరిచాడు. ఎప్పుడు అరిచాడు? ఖాళీలో. నా పెట్టె శ్రద్ధగా విని, అబ్బో రొదగా ఉందే అనుకుంది. రెండో పిలుపు గట్టిగా పిలిచింది. దూబే సాబ్ ఇంకా గట్టిగా అరిచాడు. మూడో పిలుపుకి మళ్ళీ అద్దాలు వణకడం మొదలు. ఆ మనిషి మెడ నరాలు ఉబ్బి, మొహం ఎర్రబడి, చొక్కా పైగుండీ తెగి ఎగిరి చీటీ కౌంటర్‌లో పడింది. జనం కళ్ళప్పగించి చూస్తున్నారు. ఒక ముసలామె లేచి, పాపం ఈయనకే ఏదో పెద్ద జబ్బని, తన సొరబుర్రలోని నీళ్ళు తెచ్చి దూబే సాబ్ నోటికి అందించింది. డాక్టర్ దగ్గరికి ముందు నువ్వే పో అన్నట్టు దారి కూడా చూపించింది.

నేను ఇక ఆగలేదు. లాండ్రీకి పరుగెత్తాను.

దుప్పటి

ముత్తమ్మ ఒక్కతే తొట్టి దగ్గర ఉంది. మోచేతుల దాకా సబ్బు నురగ. నన్ను చూసి చూడనట్టు దుప్పటి తొట్టిలోంచి తీసింది. ముత్తమ్మా, తొందరగా రా, హాల్లో ఎవరూ లేవడంలేదు అన్నాను. దుప్పటి పిండినాక వస్తనంది. పెద్దసాబ్ ఉన్నాడన్నాను. దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది.

పట్టుకున్నాను, ఏం చేస్తాను. ఆమె అటు మెలితిప్పింది, నేను ఇటు తిప్పాను. నీళ్ళు నా బూట్ల మీద కారాయి. అప్పుడు అంది.

"అయిదు బాసలొచ్చు సారు నాకు. దుప్పట్లతోని ఏ బాసల మాట్లాడాలె?"

ఆమె ఇంకో మెలిక వేసి అడిగింది, "నా గొంతు రొద అని నీ డబ్బా చెప్పిందా, నువ్వు చెప్పినవా?"

డబ్బా అని చెప్పడం తేలిక. డబ్బా అబద్ధమాడిందని ఎవరూ కేసు పెట్టరు. కానీ దుప్పటి కొస చేతిలో పెట్టుకుని, బూట్లు తడిసి, ఆమె ఎదురుగా నిలబడి అబద్ధమాడటం నావల్ల కాలేదు.

"నేనే చెప్పాను ముత్తమ్మా. తప్పు నాదే."

"అట్లనా," అంది. "అయితే గట్టిగ పట్టుకో, ఇంక నీళ్ళున్నయి."

మొత్తం పిండి, దులిపి, తాడు మీద వేసి, చేతులు తుడుచుకున్నాకే కదిలింది. ఆ దుప్పటి అంత శ్రద్ధగా ఎవరూ పిండి ఉండరు.

హాల్లోకి రాగానే దూబే సాబ్ బెంచీ మీద కూలబడి సొరబుర్ర నీళ్ళు తాగుతున్నాడు. నేను సరాసరి పెద్దసాబ్ దగ్గరికి వెళ్ళి, ఈ పెట్టె కుదిర్చింది నేను, రొద ఏదో మాట ఏదో తెలుసుకోకుండా కుదిర్చాను, హాల్లో జనాన్ని పిలిచేది ఈమె అని చెప్పేశాను. ముత్తమ్మ మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు. పొద్దున చీటీలు చూడలేదు కాబట్టి ముందు బెంచీల మధ్య ఒక చుట్టు తిరిగింది. తరవాత ఎడమకి గోండీ, కుడికి హల్బీ, వరండాకి దోర్లీ. ఒకటో నంబరు లేచింది. రెండు లేచింది. నాలుగో నంబరు ఎవరనుకున్నారు, దూబే సాబ్‌కి నీళ్ళిచ్చిన ముసలామె. ఇంతసేపూ ఆయన పిలుస్తున్నది తననే.

పెద్దసాబ్ అంతా చూసి, ముత్తమ్మ వైపు చెయ్యి చూపించి, దూబేజీ, మీరు చెప్పిన ఆటోమేటిక్ ఇదేనా అని అడిగాడు. దూబే సాబ్ గొంతు పోయింది. అయినా లేచి నిలబడి, గుండీ లేని కాలరు సర్దుకుని, పీలగొంతుతో, జీ సర్, పూర్తిగా ఆటోమేటిక్ అన్నాడు. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

మీకు పనికొచ్చేది

ఆ మధ్యాహ్నం పెట్టెని తిరగేసి కుదిర్చాను. ఆ పెట్టెలో ఇంకో ఏర్పాటు కూడా ఉంటుంది, ఎవరైనా మాట్లాడితే గొంతు పెంచకుండా దించుకునేది. పాటల హాళ్ళకి వాడతారు. ఒకే ఒక్కసారి పిలవాలి, ఆపైన హాల్లో గొంతు వినపడుతున్నంతసేపూ నోరు మూసుకుని ఉండాలి. ఇదే దానికి నేర్పాను. ముత్తమ్మకి చేతిమైకు ఇవ్వబోతే, నాకెందుకు సారు అంది, నిజమే. ఆమె హాల్లోనే ఉండిపోయింది, పిలవడం ఆమె పని అని రాతపూర్వకంగా. ఆ రాతల సంగతి రాయనని ముందే చెప్పాను.

మీరు చెవి బిగించడానికి వెళ్ళిన చోట ముందు ఒక రోజు ఊరికే కూర్చోండి. నిండు హాల్లో కూర్చోండి. ఎవరు మాట్లాడితే ఎవరు లేస్తున్నారో చూడండి. ఆ తరవాతే దేన్ని రొద అనాలో తేల్చుకోండి. పెట్టె పుస్తకంలో రొద అంటే ఏమిటో చెప్పరు, అది మనకే వదిలేశారు. నేను తప్పుగా తేల్చాను.

ముప్పై మూడేళ్ళు స్పీకర్ల కింద నిలబడితే చెవులు ఏమవుతాయో అవే అయ్యాయి నాకు. ఇప్పుడు నేను మాట్లాడితే వీధికంతా వినపడుతుందట. "ఏటండీ ఆ కేకలు, నేను పక్కనే ఉన్నాను కదా," అంటుంది పార్వతి. ఆమె అన్నదీ సగమే వినపడుతుంది. పోయిన గురువారం ఆమె పోరు పడలేక ఆసుపత్రికి వెళ్ళాను. అదే హాలు. చీటీ జేబులో పెట్టుకుని ఆఖరి బెంచీలో కూర్చున్నాను. నేను బిగించిన స్పీకరు సరిగ్గా నా నెత్తిమీదే ఉంది.

టింగ్ టాంగ్ మోగిందో లేదో నాకు తెలియదు. ఏ నంబరు పిలిచారో తెలియదు. చూస్తూండగా ముత్తమ్మ తుడుపుకర్ర ఆపి నా వైపు తిరిగింది. జుట్టు నెరిసింది. ఏదో అంది. నేను కదల్లేదు. నా మొహం చూసి ఇంకాస్త పెంచింది. ఇంకా చూసి, ఇంకా పెంచింది. నేను తల తిప్పేదాకా పెంచి, అక్కడ ఆపింది.

"సౌండు నాయుడు సారూ, చెవుడు, నీ వంతే, ఆకుపచ్చ తలుపు, చెప్పులు బయట ఇడవకు."

హాలంతా నా వైపు తిరిగి నవ్వింది. మొదటి బెంచీ దాకా అందరికీ నా చెవుడు సంగతి తెలిసిపోయింది. నాకు మాత్రం ఒక్క ముక్క పోకుండా వినపడింది. లేచి, చెప్పులతోనే లోపలికి వెళ్ళాను.